ఒక అంగుళం వదులు

పోయిన నెలలో మా పాత కేంద్రానికి వెళ్లాను. పెన్షన్ కాగితం మీద ఒక సంతకం కావలసి వచ్చింది. అక్కడ కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒక పిల్లవాడి కాలు కొలిచి, పాత కొలతతో పోల్చి చూసి, కంప్యూటర్లో ఏదో నొక్కి, "కొత్త కాలిపర్‌కి పంపించేసినా. వచ్చే వారం వచ్చి వేసుకోండి" అని వాళ్ల అమ్మకు చెప్పి పంపేసింది. నాకిచ్చిన టీ చల్లారేలోపల అంతా అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే మేడం. కొలత మారింది కదా" అంది ఆ అమ్మాయి, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆ మాట విన్నాక ఇది రాయాలనిపించింది. పిల్లలకు ప్రభుత్వ బీమా కింద ఇచ్చే పరికరం కొలత మారినప్పుడల్లా మార్చాలని ఇప్పుడు చట్టంలో ఉంది. కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లకు అది సూర్యుడు పొడిచినంత మామూలు సంగతి. సంతోషమే. కానీ అది తనంతట తాను పొడవలేదు. అది పుట్టిన రోజున నేను ఆ గదిలో ఉన్నాను, చేతిలో టేపుతో.

తెలుగులో రాస్తున్నందుకు మా చెల్లెలి కూతురు అలిగింది. "పెద్దమ్మా, అరవంలో రాసుంటే నేనూ చదివేదాన్ని కదా" అంది. ఇది చదవడానికైనా తెలుగు నేర్చుకో అన్నాను. పేర్లు రాయను. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి, కానీ అవి నాకు ముఖ్యం, మీకు కాదు.

మాది తిరుత్తణిలో, రైలు స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, ఒక ట్రస్టు నడిపిన చిన్న పునరావాస కేంద్రం. నేను తిరువళ్ళూరు నుంచి లోకల్ రైల్లో వచ్చిపోయేదాన్ని. రైలు రోజూ ఎంత ఆలస్యమయ్యేదో రాసి పెట్టుకునేదాన్ని. ఎవరూ అడగలేదు, అయినా రాసేదాన్ని. నా స్వభావం అలాంటిదని ముందే తెలిస్తే తరువాతి కథ మీకు సులువుగా అర్థమవుతుంది.

కేంద్రం ముందు హాల్లో పిల్లలకు నడక నేర్పేవాళ్లం. వెనక రేకుల షెడ్డులో కాలిపర్లు తయారయ్యేవి. కాలిపర్ అంటే బలం లేని కాలికి ఇరుపక్కలా నిలబెట్టే లోహపు పట్టీలు. కింద బూటు, పైన తొడకు తోలు బెల్టు, మోకాలి దగ్గర మడిచి కూర్చోవడానికి ఒక కీలు. ఆ కీలు పిల్ల మోకాలికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైకి పోయినా, కిందికి జారినా కాలు ఒక చోట మడుస్తుంది, కాలిపర్ ఇంకో చోట మడుస్తుంది. మీరు గుర్తుపెట్టుకోవలసిన సాంకేతిక విషయం ఇదొక్కటే.

కొలతలు తీయడం నా పని. చేయడం మేస్త్రీ పని. ఆయన ఊత్తుకోట వైపు మనిషి. సైకిలు షాపులో చేతిపని మొదలుపెట్టి, ఇక్కడికొచ్చి, పట్టీని వంచే పద్ధతిలో ఆయన తరువాతే ఎవరైనా అనిపించుకున్నాడు. నోటినిండా హాస్యం. నాకు "కొలతమ్మ" అని పేరు పెట్టింది ఆయనే. నేను లేనప్పుడు కూడా అలాగే అనేవాడని తెలిసి, ఎదురుగా అన్నప్పుడు కోపం తెచ్చుకోవడం మానేశాను.

అప్పటి రూలు ఏమిటంటే, బీమా కింద ఒక పిల్లకు ఒక కాలిపర్ ఇస్తే మూడేళ్ల దాకా ఇంకొకటి ఇవ్వరు. పెద్దవాళ్లకు రాసుకున్న రూలు అది. పెద్దవాళ్ల ఎముకలు మూడేళ్లలో ఎక్కడికీ పోవు. ఆరేళ్ల పిల్ల మూడేళ్లలో వేరే మనిషి అయిపోతుంది. సొంత డబ్బుతో చేయించుకోమని చెప్పగలిగే కుటుంబాలు మా దగ్గరికి రావు.

దీనికి మా మేస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. నిజానికి ఆయన కనిపెట్టలేదు, మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. స్కూలు తెరిచే ముందు యూనిఫారం కుట్టించే అమ్మ టైలరుతో ఏమంటుంది? పెరిగే పిల్ల, వదులుగా కుట్టు, అంచు లోపలికి మూడు మడతలు పెట్టు, ఏడాదికొకటి విప్పుకుంటాం అంటుంది. మేస్త్రీ అదే లోహానికి చేశాడు. నేనిచ్చిన కొలతకు ఒక అంగుళం కలిపి చేసేవాడు. పట్టీలకు వరసగా అదనపు బెజ్జాలు పెట్టేవాడు, పిల్ల పెరిగేకొద్దీ బోల్టు ఒక్కో బెజ్జం కిందికి దించవచ్చు. బూటు రెండు సైజులు పెద్దది తీసుకుని లోపల ఫెల్టు, అంటే మందపాటి ఉన్ని గుడ్డ, పొరలుగా దూర్చేవాడు. పెరిగేకొద్దీ పొరలు తీసేయడం.

"నేనిచ్చిన కొలత ఇదా అన్నా?" అని మొదట్లో రోజూ పోట్లాడేదాన్ని.

"నీ కొలత ఈ పొద్దుటికి కరెక్టు కొలతమ్మా. నాది వచ్చే ఏడాదికి కరెక్టు."

"ఈ ఏడాది పిల్ల మోకాలు ఏం కావాల?"

"సర్దుకుంటుంది. పిల్లోళ్లు సర్దుకుంటారు. మన గవర్మెంటే సర్దుకోదు."

నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. మా డాక్టరుగారు, సర్కారు ఆసుపత్రిలో రిటైరై మా దగ్గర చేరినాయన, షెడ్డులోకి వచ్చినప్పుడు ఆ బెజ్జాల వైపు చూసేవాడు కాదు. చూడనట్టుండటం ఆయనకు బాగా వచ్చిన వైద్యం.

ఇక ఆ పిల్ల సంగతి. ఆర్.కె.పేట దగ్గర పల్లె. అమ్మానాన్నలు చెరుకు, వేరుశనగ పండించేవాళ్లు. పుట్టుకతోనే పిల్ల ఎడమకాలికి బలం లేదు. ఆరేళ్ల వయసులో, ఆడవాళ్లకు టికెట్టు లేని టౌను బస్సులో, వాళ్లమ్మ చంకనేసుకుని తీసుకొచ్చింది. వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల షెడ్డంతా కలియజూసి మేస్త్రీని అడిగింది: "మామా, ఇది సైకిలు షాపా?"

"అవును కోడలా. నీకు ఒంటికాలి సైకిలు చేస్తా."

అప్పటినుంచి ఆయన మామ, అది కోడలు. నేను అత్త.

కాలిపర్ అంగుళం వదులుతోనే తయారైంది. తొడిగి నిలబెడితే కీలు మోకాలికి పైన ఉంది. మొదటి నెలల్లో ఒరుసుకుని పుండైంది. నేను దూది పెట్టి కట్టి, మేస్త్రీ మీద అరిచాను. ఆయన ఇంకాస్త తోలు మెత్త వేశాడు. తగ్గింది. పిల్ల నడిచింది. స్కూలుకు నడిచి పోయింది. అంతకుముందు వాళ్లమ్మ ఎత్తుకుపోయేది. ఆ నడక ముందర నా అంగుళం గొడవ నాకే చిన్నదనిపించింది.

రెండు నెలలకొకసారి వచ్చేవాళ్లు. నేను గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు చూసేదాన్ని, బరువు చూసేదాన్ని. మేస్త్రీ స్పానరు పట్టుకుని వచ్చి బోల్టు దించేవాడు. ప్రతిసారీ అదే హాస్యం.

"అప్పుడే పెరిగిపోయినావా కోడలా! ఇట్లయితే ఎట్ల? మెల్లగా పెరగల్ల. బెజ్జాలు అయిపోతా ఉండాయి."

"పెరగొద్దంటే వినదన్నా" అనేది వాళ్లమ్మ నవ్వుతూ. "గవర్మెంటోళ్లు మూడేండ్లన్నారు, దీనికి యాడ తెలస్తాది?"

నేనూ అనేదాన్ని, దాచుకోను. "ఏమే, మళ్లీ పొడుగైనావా" అని గడ్డం పట్టుకుని. పిల్ల మొదట్లో పకపక నవ్వేది. తరువాత్తరువాత నవ్వకుండా మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసేది. దానికి వయసు వస్తోంది, సిగ్గు నేర్చుకుంటోంది అనుకున్నాం.

రెండేళ్లు నిండే నాటికి ఆఖరి బెజ్జం కూడా అయిపోయింది. బూటులో ఫెల్టు పొర ఒక్కటీ మిగల్లేదు. పిల్ల ఎత్తు పెరుగుతూనే ఉంది, బరువు మాత్రం మూడుసార్లుగా కదలడం లేదు. నేను అది గమనించాను. గమనించి, కడుపులో పురుగులు ఉంటాయని మాత్ర వేయించమన్నాను. మాత్ర వేయించారు. బరువు కదల్లేదు. ఇంకో మాత్ర వేయించమన్నాను.

డాక్టరుగారు మోకాలు వంచి, చాపి చూశాడు. పూర్తిగా చాపడం రావడం లేదు. ఆయన వాళ్లమ్మతో నేరుగానే చెప్పాడు: "కాలిపర్ పొట్టిదైపోయింది. కీలు కిందికి జారింది. ఇంకో ఏడాది ఇదే తొడిగితే మోకాలు వంగినది వంగినట్టే ఉండిపోతుంది. ఆ తరువాత ఆపరేషన్. ఆపరేషన్ చేసినా ఇప్పటి నడక రాకపోవచ్చు."

"కొత్తది రాసీయండి సార్."

"రాస్తే కంప్యూటర్ తీసుకోదమ్మా. మూడేళ్లు కాలేదు కదా."

ఆమె నా వైపు చూసింది. నేను మేస్త్రీ వైపు చూశాను. మేస్త్రీ స్పానరు వైపు చూసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కబురొచ్చింది. పిల్లలకు బీమా కింద ఇచ్చే పరికరాల మీద కొత్త చట్టం రాబోతోంది. వినికిడి మిషన్లు, కళ్లద్దాలు, చక్రాల కుర్చీలు, కాలిపర్లు అన్నీ దాని కిందికి వస్తాయి. శాసనసభ కమిటీ ఒకటి ఊళ్లు తిరిగి అభిప్రాయాలు తెలుసుకుంటోంది, మా కేంద్రానికి కూడా వస్తుంది. ముసాయిదా తెప్పించి చదివాను. మూడేళ్ల మాట అందులోనూ అలాగే ఉంది. ఒకసారి చట్టమైతే దాన్ని కదపడానికి ఇంకెంతకాలం పడుతుందో ఎవరు చెప్పగలరు? అది చదివినప్పుడు నా కళ్లముందు ఆ పిల్ల మోకాలు కనిపించింది.

కమిటీ కంటే ముందు ఒక యువ అధికారి వచ్చి మా ఫైళ్లన్నీ చూశాడు. మర్యాదస్తుడు. చూసి, మెచ్చుకున్నాడు. "మేడం, మీ దగ్గర మూడేళ్ల లోపల రెండో కాలిపర్ కావాలని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఇచ్చింది సరిపోలేదన్న ఫిర్యాదు కూడా లేదు. మూడేళ్లు చాలని చెప్పడానికి మీ కేంద్రమే మంచి ఉదాహరణ. అలాగే రాస్తాను."

కంప్యూటర్ తీసుకోనిది లెక్కలోకి రాదు. మడతలు విప్పుకుంటూ మేం నెట్టుకొచ్చిన ప్రతి పిల్లా ఆయన ఫైల్లో సుఖంగా ఉన్న పిల్ల. మేం జాలిపడి చేసిన పని, రేపు వచ్చే పిల్లలందరికీ అడ్డం తిరగబోతోంది.

ఆయనకు అక్కడే చెప్పేయవచ్చు. చెప్పలేదు. కొలతకు సరిపోని పరికరం ఇస్తే దాని ఖర్చును తయారుచేసినవాడి దగ్గర రాబట్టవచ్చని ఇంకో రూలు ఉంది. మేస్త్రీకి రిటైర్మెంటు ఏడాది దూరంలో ఉంది. ముందు ఆయనతో మాట్లాడాలి.

స్టేషను ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాం. చెప్పాను. గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"అంటే నేను చేసిందంతా తప్పంటావు."

"తప్పని అనలేదన్నా. అది కనిపించకుండా ఉండటమే తప్పు."

"నాకు మెమో ఇస్తారు. పిల్లోళ్లకు చెడ్డ కాలిపర్లు చేసినోడని పేరు వస్తుంది. ఇన్నేండ్లు చేసి, ఆఖర్న ఆ పేరుతో ఇంటికి పోవల్నా?"

ఆయన గొంతులో హాస్యం లేకపోవడం నేను వినడం అదే మొదటిసారి.

"నా అంతట నేను చెప్పను" అన్నాను. "మాటిస్తున్నాను."

మాటిచ్చాక దాని బరువు తెలిసింది. ఆ సాయంత్రం రైలు ఎంత ఆలస్యమైందో రాసుకోలేదు. నా ఉద్యోగంలో అలా మరిచిపోయింది అదొక్కరోజే.

కమిటీ వచ్చిన రోజు బుధవారం. హాలుకు సున్నం కొట్టించారు, అద్దె కుర్చీలు తెప్పించారు. బాగా నడిచే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలని ట్రస్టు వాళ్ల ఆజ్ఞ. మా కోడలు ముందు వరసలోనే ఉంది, ఎందుకంటే అది ఎంత కష్టమైనా పడిపోకుండా నడుస్తుంది. స్కూలు యూనిఫారంలో, నూనె పెట్టి దువ్విన రెండు జడలతో వచ్చింది.

కమిటీలో ఐదుగురు. అధ్యక్షుడు పెద్దవయసాయన, ఎండకు అలిసిపోయి ఉన్నాడు. ఒకే ఒక్క ఆడమనిషి, లావుపాటి కళ్లద్దాల సభ్యురాలు, అందరికంటే తక్కువ మాట్లాడింది. మాటలన్నీ అరవంలోనే జరిగాయి, మీ కోసం తెలుగులో రాస్తున్నాను. యువ అధికారి తన నివేదిక చదివాడు. మూడేళ్లు చాలు అన్నాడు. అధ్యక్షుడు తల ఊపాడు. డాక్టరుగారు కిటికీ వైపు చూశాడు. నేను ఇచ్చిన మాట మీదే ఉన్నాను.

"ఒక పిల్లను నడవమనండి" అన్నాడు అధ్యక్షుడు.

కోడలు లేచి నడిచింది. గోడ దాకా పోయి తిరిగి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో పని అయిపోయేదే. కాని ఆ సభ్యురాలు వంగి, పిల్ల గౌను అంచు పట్టుకుని చూసింది. బట్ట వెలిసిపోయి ఉంది. అంచు దగ్గర మాత్రం అడ్డంగా రెండు ముదురు నీలం గీతలు, విప్పిన మడతలవి.

"రెండు విప్పేసినావా?" అని వాళ్లమ్మను అడిగింది.

"ఇంకొకటి లోపలుండాది మేడం" అంది వాళ్లమ్మ సిగ్గుపడుతూ.

"మా అమ్మ నాలుగు పెట్టేది. నేను బడి ముగించినా ఆ పావడా ముగియలేదు" అందామె. హాలంతా నవ్వింది. నవ్వుతూనే ఆమె చూపు గౌను అంచు కిందికి దిగింది, కాలిపర్ మీదికి. పట్టీల మీద వరసగా ఖాళీ బెజ్జాలు. బోల్టు ఆఖరి దాంట్లో ఉంది.

ఆమె నవ్వు ఆగింది. "దీనికీ మడతలు పెట్టినారా?"

అధ్యక్షుడు మా వైపు తిరిగాడు. "ఇక్కడ కొలతలు తీసేది ఎవరు?"

"నేను."

"ఈ పిల్లకు ఇది సరిపోయిందా?"

నా అంతట నేను చెప్పనన్నాను. అడిగితే అబద్ధం చెబుతానని మాటివ్వలేదు. అయినా ముందు మేస్త్రీ వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మెల్లగా ముందుకు వచ్చాడు. చొక్కా జేబులోంచి నా టేపు తీశాడు. ఎప్పుడూ నన్నడక్కుండా తీసుకుపోయి తిట్లు తినే టేపు అది. నా చేతిలో పెట్టాడు.

"కొలువు, కొలతమ్మా" అన్నాడు తెలుగులో.

మోకాళ్ల మీద కూర్చుని కొలిచాను. చెప్పాను. "కీలు మోకాలికి ఒకటిన్నర అంగుళం కిందికి ఉంది. కొత్తగా తొడిగినప్పుడు ఒక అంగుళం పైకి ఉండేది. మధ్యలో ఎప్పుడో కొన్ని వారాలు సరిపోయి ఉండాలి. ఆ వారాలు ఏవో మాకు తెలియవు."

తరువాత అంతా చెప్పాను. అంగుళం వదులు, ఫెల్టు పొరలు, మొదట్లో పుండు, ఇప్పుడు చాపడం రాని మోకాలు. పక్కన మేస్త్రీ చేతులు కట్టుకుని, "చేసింది నేనే సార్. ఈమె వద్దనే అనింది" అన్నాడు.

అధ్యక్షుడి మొహం గట్టిపడింది. "కొలత ఒకటి, పరికరం ఒకటి. ఫైల్లో మాత్రం అంతా బాగుంది. ఇది నియమాలకు విరుద్ధమని మీకు తెలియదా?"

"తెలుసు సార్" అన్నాడు మేస్త్రీ.

అప్పుడు పిల్ల కదిలింది. కాలిపర్ టకటకమనిపించుకుంటూ పోయి మేస్త్రీకి, అధ్యక్షుడికి మధ్య నిలబడింది. "మామను తిట్టొద్దండి. మామ తప్పు లేదు. నేనే పెరిగినా."

అధ్యక్షుడు అర్థం కానట్టు చూశాడు.

"ఎంత ఆపుకున్నా ఆగలేదు" అంది పిల్ల. మా అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని ఉంది. "గుడ్డు కూడా తినేది మానేసినా."

"ఏ గుడ్డు తల్లీ?" అంది సభ్యురాలు.

"స్కూల్లో మధ్యాన్నం పెట్టే గుడ్డు. గుడ్డు తింటే పెరుగుతారని టీచరు చెప్పింది. అందుకని పక్కన కూర్చునే పాపకు ఇచ్చేస్తా ఉండా. ఇంట్లో పాలు కూడా వద్దంటా ఉండా. అయినా పెరిగిపోయినా."

"అదేందే!" వాళ్లమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "కడుపునొప్పి అంటివే నాతో!"

నేను టేపు పట్టుకుని అలాగే కింద కూర్చుని ఉన్నాను. మూడుసార్లుగా కదలని బరువు, నేను వేయించిన పురుగుల మాత్రలు, గడ్డం పట్టుకుని అన్న మాటలు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. మేస్త్రీ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆ పిల్లతో పెరగొద్దని హాస్యమాడాం. అది మాట వినే పిల్ల.

అధ్యక్షుడు యువ అధికారిని పిలిచాడు. "ఈ మూడేళ్లు అన్నది ముసాయిదాలోకి ఎక్కడినుంచి వచ్చింది?"

"పాత పథకం నుంచి సార్."

"దాంట్లోకి?"

అధికారి కాగితాలు తిప్పాడు. "అంతకుముందు పథకం నుంచి అనుకుంటాను సార్."

"దాంట్లోకి?"

అధికారి ఫైలు మూసేశాడు. అధ్యక్షుడు కలం తీసి తన ముందున్న ప్రతిలో ఒక చోట గీత పెట్టి, పక్కనే ఏదో రాసుకున్నాడు. తరువాత పిల్లను దగ్గరికి పిలిచాడు.

"రేపటినుంచి గుడ్డు తింటావా?"

పిల్ల వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించింది. "తింటే కాలిపర్ ఎవరిస్తారు?"

"అదే రాసుకున్నానమ్మా" అన్నాడాయన.

యువ అధికారి పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "మేడం, నా నివేదిక వెనక్కి తీసుకుని మళ్లీ రాస్తాను. కొలతలు మీరివ్వాలి" అన్నాడు. ఇచ్చాను. మంచి కుర్రవాడు. నేను చెప్పకపోతే ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

చట్టం కంటే ముందు మెమో వచ్చింది. "చూసినావా కొలతమ్మా, మనకు రావాల్సింది ఎంత తొందరగా వస్తుందో" అన్నాడు మేస్త్రీ. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. అప్పుడు మా డాక్టరుగారు, ఏదీ చూడని మా డాక్టరుగారు, ఆ కాగితం తీసుకుని, వదులు పెట్టమన్నది తానేనని, ప్రతి కాలిపర్‌నూ తాను చూసే పంపానని రాసి సంతకం పెట్టాడు. అందులో మొదటి సగం నిజం కాదు, రెండో సగం అసలే కాదు. అబద్ధాలు నాకు పడవు. ఆ ఒక్కదాన్ని మాత్రం నా చేత్తోనే తీసుకుపోయి పోస్టులో వేశాను. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఒక హెచ్చరికతో అది ముగిసింది.

చట్టం మాత్రం తన నడక తాను నడిచింది. పిల్ల ఆగలేదు. గుడ్డు తిన్నది, పాలు తాగింది, బరువు కదిలింది, ఎత్తు కూడా. తినమని మేమే చెప్పాం, తింటే పెరుగుతోంది, పెరిగితే కాలిపర్ ఇంకా పొట్టిదవుతోంది. మోకాలు వంగిపోకుండా డాక్టరుగారు ప్లాస్టరుతో ఒక అచ్చు పోసిచ్చాడు, నిద్రపోయేటప్పుడు కట్టుకోవడానికి. వాళ్లమ్మకు కాలు చాపించే వ్యాయామం నేర్పాను. చేల పని చేసి వచ్చి రోజూ చేయించింది ఆ తల్లి. వచ్చినప్పుడల్లా నేను మోకాలు చాపి చూసేదాన్ని. బాగుపడటం లేదు, కానీ చెడటమూ లేదు. ఆ రోజుల్లో మాకు అదే గెలుపు.

వానలు వచ్చాయి, పోయాయి. ఒకరోజు సభ్యురాలి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చట్టం ఆమోదం పొందింది. కాలం లెక్క తీసేశారు, కొలత లెక్క పెట్టారు. ఇంకొన్ని వారాలకు కంప్యూటర్ కూడా ఆ సంగతి తెలుసుకుంది. మా కేంద్రం నుంచి మొదట పంపిన కొలత ఎవరిదో చెప్పనక్కర్లేదు.

అది మేస్త్రీ రిటైరయ్యే నెల. పట్టీలు కోసి, వంచి, బల్ల మీది వైసు దవడల్లో బిగించి నన్ను పిలిచాడు. పోయి చూశాను. అలవాటు ఎక్కడికి పోతుంది? పట్టీలు అంగుళం పొడుగు. బెజ్జాలకు సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టి ఉన్నాయి.

"అన్నా" అన్నాను.

ఆయన చూసుకున్నాడు. "పొరపాటున మళ్లీ రూలు మారిస్తే?" అన్నాడు చిన్నగా.

"మారిస్తే మళ్లీ పోట్లాడదాం. కొయ్యి."

ఇనుము కోసే హాక్సా బ్లేడు తీసుకుని గుర్తు దగ్గర కోశాడు. అంగుళం ముక్క నేల మీద పడింది. రెండో పట్టీదీ పడింది. బెజ్జాల గుర్తులు బొటనవేలితో తుడిచేశాడు.

పిల్లకు తొడిగి నిలబెట్టాం. నేను టేపు పట్టుకున్నాను. కీలు మోకాలికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, నేనిచ్చిన కొలతకు మేస్త్రీ చేసిన మొట్టమొదటి కాలిపర్ అది. వాళ్లమ్మ బూటు ముందు భాగం నొక్కి చూసింది. ఎక్కడా వదులు లేదు. ఆమె మొహంలో భయం కనిపించింది.

"ఇంత సరిగ్గా చేసినావేందన్నా? ఇది పెరిగితే ఎట్ల?"

పిల్ల మేస్త్రీ మొహం చూస్తోంది. నవ్వడం లేదు.

మేస్త్రీ దాని ముందు గొంతుకూర్చుని, బూటు తాడు ముడివేసి, తలెత్తాడు.

"పెరుగు కోడలా" అన్నాడు. "పెరిగితే రా."